గంగారాం పేరుతో పడుకున్న మంచం

ఈ సంగతి కాగితం మీద పెట్టడానికి నాకు ఆరు వారాలు పట్టింది. మెట్లు ఎక్కడానికి డాక్టరు అనుమతించాడు. కనుక ఇప్పుడు వరుస తప్పకుండా చెప్పగలననుకుంటున్నాను. వరుస తప్పితే నా తప్పు చిన్నదిగా కనిపించే ప్రమాదం ఉంది. చదివేవారిలో నలభై దాటినా శుక్రవారం రాగానే బూట్ల తాళ్లు కట్టుకునేవారు కొందరుంటారు. వారి కోసం కొంత, ఇంకా పూర్తిగా నిలదొక్కుకోని నా మనసు కోసం కొంత ఇది రాస్తున్నాను.

నా పేరు విశ్వనాథం. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు పాఠశాలలో ఎనిమిదేళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాను. ఆ తర్వాత సౌదీకి స్టోర్‌కీపరుగా వచ్చి ఇరవై ఆరేళ్లయింది. ఇక్కడి తెలుగువారు ఇప్పటికీ నన్ను ‘సారు’ అనే పిలుస్తారు. ఉద్యోగంతో పాటు నేను వదలకుండా చేసింది ఒక్కటే, ఫుట్‌బాల్ ఆట. మొదట జిజాన్‌లో, సముద్రపు ఉక్కలో, ఉప్పు పేరుకున్న నేల మీద, రక్షణ వరుసలో స్టాపర్ బ్యాక్‌గా ఆడాను. తర్వాత ఖమీస్ ముషైత్‌లో, కొండల నడుమ మైదానంలో, ఊపిరి సగమే అందే ఎత్తులో ఆడాను. కాళ్ల వేగం తగ్గాక రియాద్ చేరి, గంటల లెక్కన అద్దెకిచ్చే ఇండోర్ హాళ్లలో, వల కట్టిన పచ్చ తివాచీ మీద గోల్ కీపరుగా నిలబడ్డాను.

మొత్తం పదకొండు జట్లు. వాటిలో ఏదీ నాది కాదు. ఇక్కడి టోర్నమెంట్లలో ‘గెస్టు’ అనే పద్ధతి ఉంది. కంపెనీ జట్టుకో జిల్లా సంఘం జట్టుకో మనిషి తక్కువైతే బయటివాణ్ణి పిలుస్తారు. బండి పంపుతారు, జెర్సీ ఇస్తారు, ఆట అయ్యాక బిర్యానీ పెడతారు, జెర్సీ తిరిగి తీసుకుంటారు. ఇరవై ఆరేళ్లు నేను ఆ గెస్టునే. నా వీపు మీద ఎన్ని అంకెలు మారాయో నాకే గుర్తులేదు. కప్పు మాత్రం ఒక్కసారీ చేతికి రాలేదు. దానికి విచారపడలేదని ఇంతకాలం అందరితో చెప్పాను. అది నిజం కాదు.

మొదటి హెచ్చరిక నేను గోలు దగ్గర కుప్పకూలిన శుక్రవారానికి రెండు వారాల ముందు వచ్చింది. రియాద్ శివారు సులైలోని మా గోదాములో సరుకు లెక్క చూడడానికి ర్యాకు నిచ్చెన ఎక్కుతున్నాను. ఆరో మెట్టు మీద రొమ్ములో ఎవరో పిడికిలి బిగించినట్టయింది. దిగి ఒక చెక్క పలక మీద కూర్చున్నాను. ఎడమ దవడ దాకా ఒక బరువు పాకింది. పావుగంటకు తగ్గింది. గ్యాసు అనుకుని సోడా తాగి, మిగిలిన ర్యాకులు పూర్తిచేసి రిజిస్టరులో సంతకం పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. నా కింద పనిచేసేవాడు ఎవడైనా అలా దాచి ఉంటే గట్టిగా మందలించేవాణ్ణి.

ఆ శుక్రవారానికి ముందురోజు సాయంత్రం రాజన్న నా గదికి వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. ఒక కంపెనీ జట్టుకు మేనేజరు. నలభై దాటినవారి ఇండోర్ టోర్నమెంటులో అతని జట్టు ఫైనలుకు చేరింది. నేను ఆడిన జట్టు అంతకు ముందే ఓడి ఇంటికి పోయింది.

“సారూ, గంగారాంకు రేపు డ్యూటీ వడ్డది. గోలు కాడ మనిషి లేడు. మీరు నిలవడాలె” అన్నాడు.

“నా పేరు వేరే టీములో రాసి ఉంది. ఒక టోర్నమెంటులో ఒక మనిషి ఒక టీముకే ఆడాలన్న రూలు నీకు తెలుసు కదా.”

“తెలుసు కాబట్టే గంగారాం ఇకామా తెచ్చిన.” నివాస అనుమతి కార్డు బల్ల మీద పెట్టాడు. “ఫోటో చూడుండ్రి. మీసం మీసమే, బట్టతల బట్టతలే. టేబులు కాడ కూసున్నోనికి మనమందరం ఒక్కతీర్గనే కనవడ్తం.”

“తప్పు రాజన్నా.”

“తప్పే, కాదంటలేను. కని ఇరవై ఆరేండ్లల్ల ఒక్క కప్పన్న ముట్టిండ్రా మీరు? గెస్టుగ వచ్చుడు, బిర్యానీ తినుడు, పోవుడు. గంతేనాయె.”

నేను కార్డు చేతిలోకి తీసుకుని ఫోటో చూశాను. “గంగారాం ఒప్పుకున్నాడా?” అని అడిగాను. ఆ ప్రశ్న అడిగినప్పుడే నేను ఒప్పుకున్నట్టు.

“సారు ఆడితెనే ఇస్త, ఇంకొకనికైతే ఇయ్య అన్నడు. మీ మీద గంత నమ్మకం ఆయనకు.”

గంగారాం నాకు పదేళ్లుగా తెలుసు. గోలు దగ్గర ఎలా నిలబడాలో అతనికి నేర్పింది నేనే. ఆ కార్డును ట్రాక్‌సూటు జేబులో పెట్టి జిప్పు వేశాను.

శుక్రవారం మధ్యాహ్నం హాలు గేటు దగ్గర టోర్నమెంటు కమిటీ మనిషి కార్డు చూసి, పేరడిగాడు. “గంగారాం” అన్నాను. నోరు తడబడలేదు. తడబడి ఉంటే బాగుండేది.

ఈ ఆటలకు మైకులో వ్యాఖ్యానం ఉంటుంది. ఉర్దూ, మలయాళం కలిపి ఒకాయన చెబుతుంటాడు. చూసేవారు ఫోన్లలో చిత్రీకరించి ఊరి వాట్సాప్ గుంపుల్లోకి పంపుతుంటారు. రెండో సగంలో నేను ఎడమకు పడి ఒక బంతిని పట్టాను. “గంగారాం! గంగారాం!” అని మైకు అరిచింది. ఆ అరుపు వింటూ లేవబోయాను, లేవలేకపోయాను. నిచ్చెన మీద బిగిసిన పిడికిలే మళ్లీ బిగిసింది. ఈసారి వదలలేదు. చెమట చల్లగా కారింది. నా చేతుల్లోంచి బంతిని ఇద్దరు కలిసి లాగవలసి వచ్చిందని తర్వాత చెప్పారు.

అంబులెన్సులో రాజన్న నా పక్కనే కూర్చున్నాడు. అతని ముఖం నా ముఖం కంటే పాలిపోయింది.

“సారూ, ఏం మాట్లాడకుండ్రి. దవాఖాన్ల గంగారామే అనుండ్రి. కార్డు మీ జేబులనే దొరికింది, వాళ్లు దాన్నే తీస్కున్నరు. వేరేటోని ఇకామా అని తెలిస్తే ముగ్గురం పోతం. గంగారాంను ఇండియాకు పంపిచ్చేస్తరు. ఆయనకు ఇద్దరు పిల్లలున్నరు సారూ.”

అత్యవసర విభాగంలో తెరలు కట్టిన మంచం మీద పడుకోబెట్టారు. జెర్సీ కత్తిరించారు, తీగలు అంటించారు. అక్కడి నర్సు ముఖం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. నా మూలుగులో తెలుగు విని వంగి చూసింది.

“తెలుగువారా బాబాయ్ గారూ? కంగారు పడకండి. నా పేరు సుజాత, మాది పాలకొల్లు దగ్గర. డాక్టరు గారు అడిగేవి నేను తెలుగులో అడుగుతాను. తల ఊపితే చాలు.”

ఈజిప్టు డాక్టరు కంప్యూటరు తెరను చూస్తూ ఏదో అన్నాడు. ఆమె నా వైపు తిరిగింది.

“రెండేళ్ల కిందట ఇక్కడే మీకు కడుపులో పుండు పగిలి రక్తం పోయిందని ఉందండి. నిజమేనా?”

అది గంగారాం ఆసుపత్రి ఫైలు. రెండేళ్ల కిందట అతను ఆసుపత్రిలో చేరిన సంగతి నాకు తెలుసు. కమలాపండ్లు పట్టుకుని పరామర్శకు వెళ్లినవాణ్ణి నేనే. రాజన్న తెర అవతల నిలబడి ఉన్నాడు. నేను తల ఊపాను. అవును అన్నాను.

డాక్టరు ముఖం మారింది. వారిద్దరూ వేగంగా మాట్లాడుకున్నారు. అప్పటికే సిద్ధం చేసిన సూదిని ఆమె తిరిగి చక్రాల ట్రేలో పెట్టింది. ట్రేను గోడ వైపుకు నెట్టింది. దాని చక్రాలు కిర్రుమన్నాయి.

“ఏమైందమ్మా?” అన్నాను.

“రక్తం గడ్డ కరిగే మందు బాబాయ్ గారూ. మీ కడుపు సంగతి ఉంది కదా, ఇస్తే లోపల రక్తం పోతుందేమోనని డాక్టరు గారు ఆలోచిస్తున్నారు. పెద్ద డాక్టరుకు ఫోను చేస్తున్నారు. కాస్త ఓర్చుకోండి.”

ఆ కొన్ని నిమిషాల్లో నాకు కలిగిన భయం వంటిది అంతకు ముందెన్నడూ ఎరగను. నొప్పి దానికి సగం కారణం కూడా కాదు. నా మందు నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. అది నాకు అందకుండా మరొకరి కడుపు అడ్డుపడింది. దాన్ని అక్కడ పెట్టింది నేనే.

ఒకప్పుడు మా గోదాములో ఒక బంగ్లాదేశీ కూలీ ఒక వాల్వు చీటీని మరో వాల్వుకు తగిలించాడు. అది సైటుకు పోయి పగిలింది. అదృష్టవశాత్తు ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రోజే అతణ్ణి పని నుంచి తీసేయించాను. “ఒక్క చీటీయే కదా సాబ్” అని అతను చేతులు జోడించాడు. ఆ మంచం మీద నాకు వినిపించింది ఆ మాటే.

ఇంకొకటి కూడా వరుసగా కనిపించింది. ఈ దేశంలో చనిపోయిన ఇద్దరు తెలుగువాళ్ల శవాలను ఊరికి పంపడానికి నేను కార్యాలయాల చుట్టూ తిరిగాను. ఆసుపత్రి కాగితం, పోలీసు కాగితం, రాయబార కార్యాలయం కాగితం, చివరగా విమానాశ్రయం కాగితం. ప్రతిదాని పైనా పేరు, ఇకామా నంబరు ఉంటాయి. ఇప్పుడు నేను పోతే ఆ కాగితాలన్నీ గంగారాం పేరు మీద మొదలవుతాయి. కరీంనగర్‌లో నా భార్య సులోచన శుక్రవారం ఫోను కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

తెర సందులోంచి రాజన్న తల అడ్డంగా ఊపుతున్నాడు, చెప్పవద్దని. నేను కళ్లు మూసుకున్నాను.

“అమ్మా సుజాతా. నేను గంగారాం కాదు.”

“ఏంటి బాబాయ్ గారూ?”

“నా పేరు విశ్వనాథం. ఆ కార్డు నాది కాదు. కడుపులో రక్తం పోయింది ఆయనకు, నాకు కాదు.”

ఆమె కార్డును చూసింది, నన్ను చూసింది. “అయ్యో ప్రభువా! ఇదా ఇప్పుడు చెప్పేది? ఇందాక తలెందుకు ఊపారు మరి?” గొంతు తగ్గించి, “మీకు ఏ జబ్బులున్నాయి? ఏ మందు పడదు? ఈసారైనా నిజం చెప్పండి” అంది.

“బీపీ ఒక్కటే. ఇంకేమీ లేదు. పోలీసులకు చెబుతారా అమ్మా? ఆ గంగారాం మంచివాడు.”

“ముందు మీరు బతకండి. పోలీసులతో తర్వాత మాట్లాడుకుందురు గాని” అంటూనే ఆమె డాక్టరు వైపు పరుగెత్తింది. డాక్టరు వచ్చి నా కళ్లలోకి చూశాడు. అరబ్బీలో ఏదో కటువుగా అన్నాడు. అర్థం కాలేదు, అవసరమూ లేదు. ట్రే చక్రాలు మళ్లీ కిర్రుమన్నాయి, ఈసారి నా వైపుకు.

తర్వాతి రెండు రోజులు గుండె విభాగంలో గడిచాయి. గుండెకు రక్తం వెళ్లే దారిలో స్టెంటు అనే చిన్న గొట్టం అమర్చారు. ఆ వివరాలు చెప్పను, డాక్టర్లు నాకంటే బాగా చెబుతారు. నాకు గుర్తున్నది బూట్ల చప్పుడు. బరువైన బూట్లు నడవాలో వినిపించినప్పుడల్లా నన్ను అడగడానికి వచ్చారనుకునేవాణ్ణి. గోడ మీది యంత్రంలో అంకె పెరిగేది. నర్సులు వచ్చి నొప్పి ఉందా అని అడిగేవారు. లేదని చెప్పేవాణ్ణి. వారు నింపే కాగితంలో భయానికి గడి లేదు.

సులోచనకు నేనే ఫోను చేసి చెప్పాను. అంతా వరుసగా చెప్పాను.

“ఇరవై ఆరేండ్లు ఫోనుల గుడ పిల్లలకు క్రమశిక్షణ నేర్పిండ్రు. బూట్లు వరుసగ పెట్టుండ్రి, సంతకం సక్కగ పెట్టుండ్రి అని. మీరేమో ఇంకొకని పేరు మీద సావవోయిండ్రు. నాకు ఎవరు చెప్పేటోళ్లు? ఎట్ల తెలిసేది నాకు?” అంది. ఆ తర్వాత ఏడ్చింది. వారం రోజులు ఫోను చేస్తే బాగున్నారా, తిన్నారా అన్న రెండు మాటలు మాత్రమే అడిగింది. ఆ రెండు మాటలే నాకు తగిన శిక్ష.

మూడో రోజు బరువైన బూట్లు నిజంగానే నా గది ముందు ఆగాయి. ఆసుపత్రి పాలనాధికారి, ఒక సౌదీ పెద్దమనిషి. వెంట మా కంపెనీ మందూబ్, అంటే ప్రభుత్వ కార్యాలయాల పనులు చూసే ఉద్యోగి. రెండు ఇకామాలనూ పక్కపక్కన పెట్టి, నన్నూ ఫోటోలనూ మార్చి మార్చి చూశారు. నేను వాంగ్మూలం రాసి ఇచ్చాను. కార్డు నేనే అడిగి తీసుకున్నానని రాశాను. రాజన్న పేరు రాయలేదు. అది కూడా పూర్తి నిజం కాదని తెలుసు. ఆ ఒక్క వాక్యాన్ని ఇప్పటికీ సరిదిద్దలేదు.

పెద్దమనిషి దాన్ని చదివించుకుని విని, “నీ వయసెంత?” అని అడిగాడు. యాభై నాలుగు అన్నాను. “మా నాన్న ఆ వయసులో మసీదుకు నడిచి వెళ్లేవాడు. నువ్వు బంతి కోసం దూకుతున్నావు” అన్నాడు. మందూబ్ నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. నా వివరాలను గంగారాం ఫైలు నుంచి వేరు చేస్తామని, విషయం రెండు కంపెనీలకు పంపుతామని చెప్పి వెళ్లిపోయారు. ఏ నిర్ణయం వస్తుందో తెలియని ఆ ఎదురుచూపు ఇంకో రెండు వారాలు సాగింది.

నాలుగో రోజు గంగారాం వచ్చాడు. చేతిలో కమలాపండ్ల సంచి. నేను లేవబోతే భుజం పట్టి పడుకోబెట్టాడు.

“సారూ, మా ఊర్లె నేను సచ్చిపోయిన, తెలుసా?” అన్నాడు.

మైకులో వినిపించిన పేరు, నేను పడిపోయిన వీడియో అంబులెన్సు కంటే ముందు అతని ఊరు చేరాయట. గంగారాం కింద పడ్డాడు, దవాఖానకు తీసుకుపోయారు అని గుంపులో పెట్టారు. గంట గడిచేసరికి గుండె ఆగిందని మరొకరు చేర్చారు. గంగారాం పనిచేసే సైటులో ఫోన్లు గేటు దగ్గరే పెట్టాలి. సాయంత్రం గేటు దాటి ఫోను తెరిచేదాకా అతనికి ఏదీ తెలియదు.

“నాలుగు గంటలు సచ్చిన సారూ. మా తమ్ముడు టెంటు గుడ మాట్లాడిండట. ఇంటికి ఫోను జేస్తె మా లక్ష్మి నా గొంతు నమ్మలే. పెండ్లప్పుడు మీ అవ్వ నాకేం పెట్టింది చెప్పు అని అడిగింది. పరీక్ష పెట్టింది నాకు!”

అతను నవ్వుతూనే ఉన్నాడు. “నన్ను క్షమించు గంగారాం” అన్నాను.

“ఊకోండ్రి సారూ. కప్పు గెలిసినం, అది చెప్పలేదా ఎవరన్న? మీరు పట్టిన బంతితోనే గెలిసినం.” కమలాపండు తొక్క తీసి తొనలు నా చేతిలో పెట్టాడు. నేను తినలేకపోయాను. కొంతసేపటికి తనే తిన్నాడు.

ఒక విషయం అతను చెప్పలేదు. ఐదో వారంలో రాజన్న చెప్పాడు. గంగారాంను పంపించివేయలేదు గాని, కార్డు ఇచ్చినందుకు అతని సెలవును ఆరు నెలలు వెనక్కి జరిపారు. వచ్చే నెలలోనే ఇంటికి వెళ్లవలసినవాడు. మూడేళ్లయింది పిల్లల్ని చూసి. నాకు మాత్రం ఒక హెచ్చరిక పత్రం ఇచ్చారు. కమిటీ ఆ కప్పును వెనక్కి తీసుకుంది. అది న్యాయమే.

ఆరో వారం, మొన్న, తనిఖీకి ఆసుపత్రికి వెళ్లాను. నిరీక్షణ గది నిండుగా ఉంది. టోకెను చేతిలో పెట్టుకుని ఒక మూల కుర్చీలో కూర్చున్నాను. ఎదురుచూస్తే భయం పెరుగుతుంది. ఆ భయాన్ని వృథా చేయకూడదనిపించి, ఇన్నాళ్లు వాయిదా వేసిన ఫోను చేశాను. గంగారాం భార్య లక్ష్మికి.

“అమ్మా, నేను రియాద్ నుంచి విశ్వనాథం సారును.”

“సారూ! పానం ఎట్లున్నది మీకు? నడుస్తున్నరా?”

“నడుస్తున్నాను. అమ్మా, నా వల్ల నువ్వు నాలుగు గంటలు నరకయాతన పడ్డావు. ఇప్పుడు అతని సెలవు కూడా పోయింది. క్షమించమని అడగడానికి చేశాను. అడిగే హక్కు లేదని తెలుసు.”

అటువైపు ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

“సెలవు పోతె పోయింది, ఆరు నెలలకన్న వస్తడు” అంది. “సారూ, నేను మీకొకటి చెప్పాలె. గిది మా ఆయనకు గుడ చెప్పలే. ఆయన ఫోను జేసి, సచ్చిపోలే, ఆ పడ్డోడు నేను కాదు అన్నంక, నాకు పోయిన పానం మల్లొచ్చింది. నవ్విన, ఏడ్సిన, వాడకట్టంత తిరిగి చెప్పిన. అందరికి చాయ్ పోసిన. మా ఆయన కాదంటె ఇంకెవలో ఉన్నరు కద ఆ మంచం మీద? ఆయనకు గుడ ఇంటికాడ ఒక ఆడమనిషి ఉంటది కద? గా సోయి నాకు తెల్లారేదాక రాలే సారూ. మీరు ఆడ కొట్టుకుంటుంటె నేను ఈడ చాయ్ పోసిన. మీరే నన్ను మాఫ్ చెయ్యాలె.”

చేతిలోని టోకెనును రెండు మడతలు పెట్టాను. ఇరవై ఆరేళ్లుగా ఇతరుల తప్పులకు తగిన మాట వెంటనే చెప్పగలిగినవాణ్ణి.

లోపలి కిటికీ దగ్గర గుమాస్తా ఒక పేరు పిలిచాడు. అరబ్బు నోట అది సగం విరిగింది. నేను కదల్లేదు. అతను కాగితం చూసి, అక్షరాలను ఒక్కొక్కటిగా కూడబలుక్కుని మళ్లీ గట్టిగా పిలిచాడు. “విశ్వనాథం.”

ఫోనులో లక్ష్మికి అది వినిపించింది.

“పొండ్రి సారూ,” అంది. “మిమ్ములనే పిలుస్తున్నరు.”